ఎండలో చీకటి

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వినుకొండ వీధుల్లో కనబడే ప్రాణి ఉండదు. కొండమీద రామలింగేశ్వరుడికి తప్పదు గనక ఆయన ఉంటాడు; తక్కిన వాళ్ళమంతా తలుపులు దగ్గరగా వేసుకొని పంకాల కింద చేరతాం. పోయిన వేసవిలో అటువంటి ఒక మధ్యాహ్నం నేను పరీక్ష పేపర్లు దిద్దుకొంటూండగా పంకా నెమ్మదిగా తిరిగి, తిరిగి, ఆగింది.

కాసేపటికి మా ఆవిడ నెత్తిన కొంగు కప్పుకొని ఆటో దిగింది. వెనకాలే మిరపకాయల బస్తా దిగింది. పొద్దున పట్టుకువెళ్ళిన బస్తా పట్టుకువెళ్ళినట్టే తిరిగి వచ్చింది.

“ముందు ముగ్గురున్నారు. నా వంతు వచ్చేసరికి మర ఆగింది. రేపు రమ్మన్నాడు” అన్నది.

ఆవకాయ రోజుల్లో ఈ మాట ఎంత పెద్దదో ఇల్లు గడిపిన వాళ్ళకు చెప్పనక్కరలేదు. తొడిమలు తీసి, మూడెండల్లో గలగలలాడేట్టు ఎండబెట్టిన కాయ. ఒక్క రాత్రి గాలి తగిలితే మెత్తబడుతుంది. మళ్ళీ డాబా మీదికి మోయాలి, మళ్ళీ కాకులకు కాపలా కాయాలి.

“అవునుగాని, ఎండలోంచి కరెంటు తీస్తున్నారని మీరే చెబుతారుగా! ఇంత ఎండ పెట్టుకొని మనకు కరెంటు లేకపోవడమేమిటండీ?” అని అడిగింది.

జవాబు చెప్పబోయి, నాకు తెలియదని తెలుసుకొన్నాను. తెలుగు ఎమ్మే చదివినవాడికి ఛందస్సు అడిగితే చెప్పగలడు గాని, కరెంటు సంగతి ఏం తెలుస్తుంది? ఇంతలో ఫోను మోగింది. ఒకప్పటి నా శిష్యుడు. పట్టణం బయట నలుగురు భాగస్థులతో కలిసి మిరపకాయల కోల్డ్ స్టోరేజి నడుపుతున్నాడు. మా రైతులు దాన్ని ‘ఏసీ’ అంటారు. “ఈ ఏడు కాయ ఏసీలో పెట్టాను” అంటే ఇంట్లో చల్లమిషను కింద ఆరబోశాడని కాదు. ధర వచ్చేదాకా నిలవ చేశాడని.

“గురువుగారూ, నేను మోసపోయాను” అన్నాడు. “రెండేళ్ళ కిందట అప్పుచేసి కప్పు నిండా సోలార్ పలకలు వేయించానా? ఇప్పుడు బయట కరెంటు పోయింది. పైన ఎండ నిప్పులు కక్కుతోంది. నా మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది! వేసిన కంపెనీవాడికి ఫోను చేస్తే ‘అది అంతేనండీ’ అంటాడు. అంతే అయితే ముందే చెప్పాలిగా?”

సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళి చూశాను. ఆవరణలో డీజిల్ జనరేటరు చెవులు చిల్లులుపడేట్టు కొట్టుకొంటోంది. కప్పుమీద పలకలు బుద్ధిమంతుల్లాగా ఆకాశం చూస్తున్నాయి. ఒకే రోజున ఒకే ప్రశ్న ఇంట్లోనూ బయటా ఎదురయితే ఇక దాన్ని వదలడం మర్యాద కాదు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే నా మిత్రుణ్ణి పట్టుకొని, నాకు అర్థమయ్యేదాకా విసిగించాను. తెలిసిన సంగతి ఇది.

కప్పుమీద మామూలుగా వేసే సోలార్ ఏర్పాటు భజనలో వంతపాడేవాడి వంటిది. తాళం బయటినుంచి రావాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున నడుస్తుంది. పెద్ద గ్రిడ్డు వేసే తాళం అది. పలకల నుంచి వచ్చే కరెంటును ఇన్వర్టరు ఆ తాళానికి సరిపెట్టి తీగలోకి పంపుతుంది. తాళం ఆగితే పాట కూడా ఆపాలని దానికి ముందే కట్టడి చేసి ఉంచుతారు. ఎందుకంటారా? కరెంటు పోయినప్పుడు లైన్‌మేన్ స్తంభం ఎక్కుతాడు. తీగలో ప్రాణం లేదనుకొంటాడు. ఆ సమయంలో మనవాడి కప్పుమీదినుంచి కరెంటు తీగలోకి పారిందంటే ఆ మనిషి బతుకుతాడా? కనుక ‘అది అంతేనండీ’ అన్నవాడు అబద్ధం చెప్పలేదు. అమ్మేటప్పుడు నోరు మూసుకొన్నాడు, అదీ తప్పు.

అయితే పలకలున్నవాడికి పెద్ద గ్రిడ్డు పోయినా కరెంటు నిలిచే ఉపాయం లేదా? ఉంది. దాని పేరే మైక్రోగ్రిడ్డు. పేరు విని దడుచుకోనక్కరలేదు. ఒక ఆవరణలోనో, ఒక వీధిలోనో ఉత్పత్తి, నిలవ, వాడకం మూడూ ఒకచోట చేర్చి, వాటికీ పెద్ద గ్రిడ్డుకూ నడుమ ఒక గేటు పెడతారు. మామూలు రోజుల్లో గేటు తెరిచి ఉంటుంది; ఇచ్చిపుచ్చుకోవడాలు జరుగుతాయి. బయట కరెంటు పోయిన మరుక్షణం గేటు మూసుకొంటుంది. ఇక లైన్‌మేన్‌కు భయం లేదు. లోపల బ్యాటరీకి తగిలించిన మరొక రకం ఇన్వర్టరు తానే తాళం వేస్తుంది. వంతపాట పాడే సోలార్ ఇన్వర్టర్లు ఆ తాళం అందుకొని పాడతాయి. నా శిష్యుడి దగ్గర వంతగాళ్ళున్నారు, తాళగాడు లేడు. చిక్కంతా అక్కడే.

నిజానికి కరెంటు పుట్టిందే ఇట్లా చిన్నగా. న్యూయార్కులో పెర్ల్ స్ట్రీటు కేంద్రాన్ని ఎడిసన్ 1882 సెప్టెంబరు 4న నడపడం మొదలుపెట్టినప్పుడు అది కొద్ది వీధులకే వెలుగిచ్చింది. మన దేశంలోనూ చాలా పట్టణాలకు మొదట ప్రైవేటు కంపెనీల పవర్‌హౌసులే దిక్కు. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోతే ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుదాకా పోయింది, 1954లో కంపెనీ గెలిచింది కూడా. తరువాత 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. ఊరి పవర్‌హౌసు కథ ముగిసి, పెద్ద తీగల కథ మొదలయింది.

ఆ పెద్ద తీగలను తక్కువచేసి మాట్లాడను. అవి లేకపోతే పల్నాటి పల్లెలో మోటారు తిరిగేది కాదు. ఒకచోట కొరత పడితే మరొకచోటినుంచి తెచ్చుకోవడానికే దక్షిణాది గ్రిడ్డును 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దేశం గ్రిడ్డుకు కలిపారు. అయితే పెద్ద కుటుంబంలో ఒకరికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ పథ్యం తప్పదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్డు కుప్పకూలినప్పుడు, రెండో రోజున 60 కోట్ల జనం ఉండే ప్రాంతమంతా చీకటయింది. అప్పటికి మనం వేరుగా ఉన్నాం గనక తప్పించుకొన్నాం. తప్పించుకొని సుఖపడ్డామా అంటే అదీ లేదు. 2012–13లో మన పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటు సెలవు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చింది పవర్ హాలిడే: వారపు సెలవుకు తోడు మరొక రోజు, నిరంతరం నడిచే పరిశ్రమలయితే సగం కరెంటుతోనే సరిపెట్టుకోవాలన్నారు. ఏప్రిల్ అంటే మా వైపు మిరపకాయ ఏసీల్లోకి చేరే రోజులు. పొలంనుంచి వెచ్చగా వచ్చిన టిక్కీలు గదులు నింపుతుంటే, వాటి వేడంతా లాగి బయట పారబోయడానికి కంప్రెసర్లు రేయింబవళ్ళు తిరగాలి. సరిగ్గా అప్పుడే సెలవు!

ఒక్క పూట కరెంటు పోతే కాయ పాడయిపోతుందని నేను భయపెట్టను. మందంగా కట్టిన గోడలు కొన్ని గంటలు చల్లదనాన్ని కాపాడతాయి. అదేపనిగా పోతూ ఉంటే మాత్రం గదిలో వేడి పెరుగుతుంది, తేమ మారుతుంది, కాయ రంగు తప్పుతుంది. గుంటూరు యార్డులో రంగు తప్పిన కాయకు ధర కూడా తప్పుతుంది. ఆ టిక్కీలు ఎవరివి? ఏసీ యజమానివి కావు, రైతువి. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో బాండు పెట్టి అప్పు తెచ్చుకొన్న రైతువి. నా శిష్యుడు జనరేటరు ఆపలేకపోయింది అందుకే.

జనరేటరు లెక్క చూడండి. లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. లీటరు నూరు రూపాయల దరిదాపుల్లో ఉంటే, ఒక్క నూనె ఖర్చే యూనిట్‌కు ముప్ఫయి రూపాయల చుట్టూ పడుతుంది. లైనులో వచ్చే కరెంటుకు అది ఎన్ని రెట్లో బిల్లు కట్టేవారికి తెలుసు. ఇక ఎండ సంగతి: మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, సుమారు నూరు చదరపుటడుగుల కప్పు కావాలి. ఏసీకి కప్పుకేం కరువు? పదివేల చదరపుటడుగులుంటే నూరు కిలోవాట్లు, రోజుకు 400 యూనిట్లు. పైగా కంప్రెసరు ఎక్కువ కష్టపడేదీ ఎండ మండిపోయే వేళనే, పలకలు ఎక్కువ ఇచ్చేదీ ఆ వేళనే. ఇంతకన్న కుదిరిన జంటను మా ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య కూడా తేలేడు.

రాత్రికో? బ్యాటరీ కావాలి. బ్యాటరీ అనగానే మా శిష్యుడు జేబు పట్టుకొన్నాడు. అతని భయం నిన్నటిది. యూనిట్ నిలవచేసే లిథియం బ్యాటరీ 2010లో ప్రపంచపు సగటున వెయ్యి డాలర్లు దాటి ఉండేది. 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. అయినా రాత్రంతా ఏసీ నడపగల బ్యాటరీ కొనాలంటే పెద్ద మొత్తమే. ఇక్కడ మా మిత్రుడు చెప్పిన మాట నాకు భలే నచ్చింది. “మీవాడి గదులే ఒక బ్యాటరీ కదయ్యా!” అన్నాడు. మధ్యాహ్నం ఎండ దండిగా ఉన్నప్పుడు గదిని మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరచి ఉంచితే, సాయంత్రం కరెంటు పోయినా కంప్రెసరు తిప్పకుండా కొంతసేపు నెట్టుకురావచ్చు. కరెంటును కరెంటుగా దాచడం ఖరీదు; చలిగా దాచడం చౌక. మన అమ్మమ్మలు కుండలో నీళ్ళు పొద్దుటే పోసి ఉంచిన తెలివి ఇదే. కనుక కొనే బ్యాటరీ దీపాలకూ, పంకాలకూ, అమోనియా వాయువు కారితే అరిచే గంటకూ, ఒక కంప్రెసరును కొంతసేపు నడపడానికీ సరిపోతే చాలు.

ఇంకొక సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు గనక నేను చెబుతున్నాను. మోటారు తిరుగుతున్నప్పుడు తీసుకొనే కరెంటు వేరు, కదలబోయేటప్పుడు లాగే కరెంటు వేరు. నిలిచి ఉన్న బండిని మొదట తోసేటప్పుడు పదిమంది కావాలి, కదిలాక ఇద్దరు చాలు. పెద్ద మోటారు బయలుదేరేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. అంత తాకిడికి తట్టుకోగల ఇన్వర్టరు కావాలి, లేదా మోటారును మెల్లగా లేపే పరికరమైనా పెట్టాలి. ఈ లెక్క వేయకుండా కొన్న బ్యాటరీ కంప్రెసరు స్విచ్చి వేయగానే మొత్తం దుకాణం కట్టేస్తుంది.

ఇదంతా ఎక్కడైనా నడిచిందా అని అడగడం న్యాయమే. అమెరికా ఏలుబడిలోని పోర్టోరికో దీవిలో అడ్హుంతాస్ అని కొండల నడుమ ఒక చిన్న పట్టణం ఉంది. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను దీవి మొత్తంమీద కరెంటు తీగలను పీకి పారేసింది. నెలల తరబడి చీకటి. ఆ పట్టణంలో ‘కాసా ప్వెబ్లో’ అనే ప్రజాసంస్థ ఇంటిమీద మాత్రం అంతకు చాలా ఏళ్ళ ముందునుంచీ సోలార్ పలకలున్నాయి. ఫోన్లకు ప్రాణం పోసుకోవడానికీ, ఊపిరి యంత్రాలు నడుపుకోవడానికీ జనం ఆ ఇంటికి చేరారు. ఆ అనుభవంతో 2023లో పట్టణపు నడిబొడ్డున డజనుకు పైగా దుకాణాలను కలిపి మైక్రోగ్రిడ్డు కట్టుకొన్నారు. పలకలు దుకాణాల కప్పులమీద, బ్యాటరీలు ఉమ్మడిగా, యాజమాన్యం వ్యాపారుల సంఘానిది. తుఫానువేళ అంగడి తెరిచి ఉండడం వ్యాపారికి లాభమే గాని, ఊరికి అంతకన్న పెద్ద ఉపకారం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి పోయాక కరెంటు లేక విశాఖలో ఎన్ని అవస్థలు పడ్డారో ఆ వైపు బంధువులున్న వాళ్ళందరూ విన్నారు గదా.

ఆ విశాఖ పక్కనే సింహాద్రిలో మరొక ప్రయత్నానికి పూనుకొన్నారు. పగలు నీళ్ళమీద తేలే సోలార్ పలకల కరెంటుతో నీటిని విడగొట్టి ఉదజని వాయువు తీయడం, దాన్ని నిలవచేసి సాయంత్రం ఐదునుంచి పొద్దున ఏడుదాకా మళ్ళీ కరెంటుగా మార్చి అతిథిగృహానికి ఇవ్వడం. ఈ పని అప్పగించినట్టు ఎన్టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది. రాత్రికిచ్చే శక్తి 50 కిలోవాట్లు. వినడానికి బాగుంది గాని, ఏసీ యజమానికి ఇప్పుడు అది పనికొచ్చే సరుకు కాదని నా అభిప్రాయం. ముందు కుండ, తరువాత ఫ్రిజ్జు.

ఈ మాటలన్నీ శిష్యుడికి చెబుతూ అతని ఆవరణలో కూర్చొన్నాను. ప్రహరీ అవతల ఏదో తెలిసిన రేకుల షెడ్డు కనబడింది. చూద్దును గదా, మా ఆవిడ పొద్దున తిరిగి వచ్చిన కారం మర అదే! మర యజమాని కూడా గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సార్, నాకు మోటారు పదిహేను హార్స్‌పవరు. ఏడాదంతా అక్కరలేదు. ఈ రెండు నెలలే, అదీ పగటిపూటే. మధ్యాహ్నం ఏసీగారికి ఎండ కరెంటు మిగిలితే గోడమీదినుంచి ఒక తీగ ఇస్తే చాలదా? డబ్బిస్తాను” అన్నాడు.

ఎంత సబబయిన కోరిక! గోడ ఎత్తు ఆరడుగులే గాని దానిమీద చట్టం కూర్చొని ఉంది. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టం ప్రకారం మన అవసరానికి మనం కరెంటు తయారుచేసుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. పక్కవాడికి తీగలాగి అమ్మితే కావాలి. పల్లెప్రాంతమని ప్రభుత్వం ప్రకటించిన చోట సడలింపు ఉంది. మాది మునిసిపాలిటీ అయి కూర్చొంది. మరొక దారి, నలుగురూ కలిసి సంఘంగా ఏర్పడి సొంతవాడకపు కేంద్రం పెట్టుకోవడం. 2005 నిబంధనల ప్రకారం వాడేవాళ్ళ చేతిలో కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాదిలో తయారయిన కరెంటులో కనీసం 51 శాతం వాళ్ళే వాడుకోవాలి. అంటే కారం మరవాడు కొనుగోలుదారుగా కాక భాగస్థుడుగా రావాలన్నమాట.

భాగస్థులంటే పోట్లాటలని మనవాళ్ళకు భయం. కాని సిరిసిల్ల చూడండి. అక్కడ 1970లో పెట్టుకొన్న సహకార విద్యుత్ సంఘం మరమగ్గాల ఊరికి కరెంటు పంచుతూ వచ్చింది. తయారీ దానిది కాదు, పంపిణీయే. అయినా తీగలూ, బిల్లులూ, రిపేర్లూ వాడకందార్ల సంఘం చేతిలో ఉండగలవని రుజువు చేసింది. ఎన్నికలూ, తగాదాలూ లేకపోలేదు. తగాదా లేని సంఘం కాగితంమీదే ఉంటుంది.

అసలు తగాదా నా కళ్ళముందే మొదలయింది. కరెంటు పోయి, మబ్బుపట్టి, బ్యాటరీ సగానికి దిగినప్పుడు ముందు ఎవరిది ఆపాలి? శిష్యుడు కాగితం తీసి వరస రాయబోయాడు. మొదట వాయువు గంటా, దీపాలూ అన్నాడు. ఎవరూ కాదనలేదు. తరువాత కంప్రెసరు అన్నాడు. “ఏసీలో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుందని ఇప్పుడే అన్నారుగా! నా దగ్గర ఆడవాళ్ళు ఎండలో నిలబడి ఉంటారు” అన్నాడు మరవాడు. “టిక్కీలు రైతులవయ్యా, జవాబు చెప్పుకోవలసింది నేను” అన్నాడు శిష్యుడు. ఇద్దరూ నా వంక చూశారు. నేను తీర్పు చెప్పడానికి భయపడ్డాను. ఒకరు శిష్యుడు, రెండోచోట మా కారం ఉంది.

చివరకు కాలాన్నిబట్టి ఒప్పందానికి వచ్చారు. ఫిబ్రవరినుంచి ఏప్రిల్ ఆఖరుదాకా, కొత్త కాయ చేరే రోజుల్లో కంప్రెసరుదే ముందు. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం పన్నెండునుంచి మూడుదాకా గదులు చల్లబడి ఉంటే మరది ముందు. గదిలో వేడి గీత దాటితే మర తనంతట తాను ఆగాలి. ఆ గీత ఏ డిగ్రీ దగ్గర గీయాలన్న దానిమీద ఇంకా బేరం నడుస్తోంది. వకీలును కూడా ఇద్దరూ కలిసే చూశారు.

మా కాయ మళ్ళీ డాబా ఎక్కి దిగింది. మూడోరోజున కారమయింది. నాటినుంచి మా ఆవిడ మర దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, “తీగ వచ్చిందా?” అని అడిగి వస్తోంది.

శిష్యుడు నిన్న ఫోను చేశాడు. బ్యాటరీకీ, గేటుకీ కలిపి మూడు కంపెనీల ధరల పట్టీలు వచ్చాయట. పలకలకు ఎన్నేళ్ళు హామీయో, ఎంత సబ్సిడీయో, వాయిదా ఎంతో మూడింటిలోనూ వివరంగా ఉన్నాయి. ‘లైను కరెంటు పోతే ఏయే మోటార్లు, ఎంతసేపు నడుస్తాయి’ అన్న ప్రశ్నకు మాత్రం మూడింటిలోనూ జవాబు లేదు. ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీతగీసి, నింపి పంపమని మూడింటినీ తిప్పి పంపాడు. ఆ ఎర్రసిరా అలవాటు నా దగ్గర నేర్చుకొన్నదే.